బావ గడ్డం, తెల్లసొన నురగ

వీధి మొదట్లో ఒంటి కుర్చీ సెలూన్ నడిపే ఆయన్ని అందరూ నురగయ్య అంటారు. అసలు పేరు అడిగితే పెళ్ళాం కూడా కాసేపు ఆలోచించి చెబుతుంది. బ్రష్షు, సబ్బు గిన్నె, వేణ్ణీళ్ళు, మణికట్టు, ఈ నాలుగే ఆయన ఆస్తి. గడ్డానికి నురగ పట్టించాడంటే దాని మీద దువ్వెన పెట్టినా కిందికి దిగదు. ఒకసారి ఎదురింటి దర్జీకి నురగ పట్టించి, టీ తాగి, పేపరు చదివి తిరిగొచ్చేసరికి నురగ చెక్కు చెదరకుండా ఉందట. దర్జీ మాత్రం నిద్రపోయాడట. ఈ మాట చెప్పింది నురగయ్యే కాబట్టి సగానికి తగ్గించుకుని వినాలి. సగమైనా తక్కువేం కాదు.

అలాంటి మనిషికి సొంత అక్క మొగుడే అన్యాయం చేశాడు.

ఈ బావ పెద్ద హోటల్లో ముప్పయ్యేళ్ళు బార్ కౌంటర్ వెనక నిలబడి రిటైరైనవాడు. ఎవరి మాటా ఒక పట్టాన ఒప్పుకోడు. అయినా పెళ్ళైన నాటి నుంచీ గడ్డం మాత్రం బామ్మర్ది చేతికే అప్పగించాడు. అలాంటిది రెండు వారాలు రాలేదు. జలుబేమోలే అనుకున్నాడు నురగయ్య. మూడో వారం బావ మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని సెలూన్ ముందు నుంచే నడిచిపోతున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. నురగయ్య గబగబా దిగి పేపరు కిందికి లాగి చూస్తే, గడ్డం నున్నగా మెరుస్తోంది.

"ఎవరు చేశారు బావా ఇది?"

"ఏది?"

"గడ్డం."

"ఓ, అదా. మలుపులో కొత్త షాపు పెట్టారు కదా, చల్లగా ఉందని కూర్చున్నా. కూర్చున్నాక ఊరికే లేస్తే బాగుండదని..."

"అక్కడ డబ్బా నొక్కి నురగ తీస్తారంటగా."

"నురగ నురగే బామ్మర్దీ. నీది మణికట్టులోంచి వస్తుంది, వాళ్ళది డబ్బాలోంచి వస్తుంది. ఆ తేడా గడ్డానికేం తెలుస్తుంది?"

పుండు మీద కారం చల్లినట్టయింది. నురగయ్య మొహం మాడిపోయింది. ఆ మొహం చూసి బావకి జాలేసిందో, పాత ఉద్యోగం గుర్తొచ్చి గీర పుట్టిందో గాని, పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అంత గొప్ప నురగైతే నాకో విస్కీ సవర్, అదే మా బార్లో పైన నురగ తేల్చి ఇచ్చే పుల్లటి మందు, కలిపి పెట్టు. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటికొస్తా. నురగ మీద చెర్రీ పండు మునక్కుండా నిలబడిందా, బతికున్నన్నాళ్ళు ఈ గడ్డం నీది. మునిగిందా, డబ్బాది."

రెండు వంతులు విస్కీ, ఒక వంతు నిమ్మరసం, ముప్పాతిక వంతు పంచదార పాకం, ఒక గుడ్డు తెల్లసొన అని కొలత చెప్పాడు గాని, నురగ తెప్పించే కిటుకు మాత్రం చెప్పలేదు. అదేమిటని అడిగితే, నురగయ్యవి నువ్వా నేనా అన్నాడు.

నురగయ్యకి మందు వాసన తగిలితే చాలు, వరసగా ఏడు తుమ్ములొస్తాయి. అలాంటివాడు సీసా పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టేసరికి పెళ్ళాం గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"ఒక్క గడ్డం కోసం ఇంట్లోకి సీసా తెస్తారా?"

"ఒక్క గడ్డం కాదే. సొంత బావే వదిలేశాడంటే వీధిలో మిగతా గడ్డాలు ఆగుతాయా? నా కుర్చీలో పిల్లి పడుకోవాల్సిందే."

ఆ మాటకి ఆవిడ పక్కకి తప్పుకుంది. ఒకే షరతు, బ్రష్షు కొత్తది కొనాలి.

గురువారం మొదటి ప్రయత్నం. గిన్నెలో తెల్లసొన వేశాడు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి కదా, దాని పని అది చేసుకుపోయింది. బ్రష్షుని మరిగే నీళ్ళలో ముంచి తెచ్చి గిరగిరా తిప్పాడు. తెల్లసొన ఉడికి దారాలు దారాలైపోయింది.

"నురగ అడిగితే నూలు వడికారేంటండీ?" అంది పెళ్ళాం.

శుక్రవారం చన్నీళ్ళతో తిప్పాడు. నురగ లేచింది. ఎంతలా లేచిందంటే గిన్నె బోర్లిస్తే నేల మీద పడలేదు. విస్కీ, నిమ్మరసం, పాకం, ఐసు గ్లాసులో కలిపి, నురగని పైన టోపీలా పెట్టాడు. చెర్రీ దర్జాగా కూర్చుంది. ఇక మిగిలింది రుచి. ఆయన దగ్గరికెళితే తుమ్ములు, ఆవిడ ముట్టుకోనంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, గది మూలన మంచం మీది అత్తగారు దగ్గింది.

"ఇలా పట్రా అల్లుడూ. ఈ వయసులో నాకు పోయేదేం లేదు."

ఒక గుక్క వేసింది. కళ్ళు మూసుకుంది.

"పులుపు ఎక్కువైందేమో నాయనా. ఒక్క గుక్కతో తేల్చలేను."

తేల్చడానికి గ్లాసంతా పట్టింది. శనివారం తీపి ఎక్కువైందంది. సాయంత్రానికి సరిపోయిందేమోనంది గాని, గట్టిగా చెప్పాలంటే ఇంకోటి కావాలంది. కూతురు సీసా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆదివారం బావ తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలేసుకున్నాడు. నురగయ్య గ్లాసు ముందు పెట్టి, పైన చెర్రీ ఉంచాడు. అందరూ గ్లాసు చుట్టూ చేరారు. చెర్రీ కదల్లేదు. బావ గడియారం చూశాడు, మళ్ళీ చెర్రీని చూశాడు. అయిదు నిమిషాలైనా వెంట్రుకవాసి దిగలేదు.

"నిలబడింది బావా."

"నిలబడ్డానికేముంది, బొమ్మ కూడా నిలబడుతుంది. ఇది తాగేది బామ్మర్దీ. తాగి చెబుతా."

గ్లాసు పెదాలకి ఆనించి వంచాడు. చుక్క రాలేదు. నురగ మూతలా బిగుసుకుపోయింది. ఇంకాస్త వంచాడు. రాలేదు. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషికి గ్లాసు మీద పట్టుదల వచ్చింది. తల వెనక్కి వాల్చి, గ్లాసు బోర్లించి, అడుగున ఒక్క తట్టు తట్టాడు.

మొత్తం ఒక్కసారే దిగింది. విస్కీ చొక్కా మీదికి పోయింది. ఐసు ఒళ్ళోకి జారింది. నురగ మాత్రం గడ్డానికి, బుగ్గలకి, చెవుల దాకా పట్టేసింది. గడ్డం కొసన చెర్రీ నిటారుగా కూర్చుని ఉంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక పెళ్ళాం వంటగదిలోకి పోయింది.

నురగయ్య మాత్రం గడ్డాన్నే చూస్తున్నాడు. కుడి బుగ్గ మీద నురగ పలచబడింది. అది చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. బ్రష్షు తీసి కుడి బుగ్గ మీద రెండు తిప్పులు తిప్పాడు, చెవి కింద సరిచేశాడు. చెర్రీని తీసి పళ్ళెంలో పెట్టాడు. అలమారలోంచి గడ్డం గీసే కత్తి ఎప్పుడు తీశాడో ఆయనకే తెలియదు.

"ఏయ్, ఏంటది?"

"కదలకు బావా."

"నిమ్మరసం మండుతోందిరా."

"మండుతుంది. వెంట్రుక మెత్తబడ్డం కోసం."

"చూడు, పందెం పందెమే. తాగడానికి కుదరనిది సవర్ అవదు. హోటల్లో ఇలాంటిది ఇస్తే నన్ను ఆ పూటే పంపించేసేవాళ్ళు. కాబట్టి నువ్వు గెలిచావని నేను ఒప్పు..."

"మాట్లాడకు బావా. గొంతు దగ్గరున్నా."

బావ ఆగిపోయాడు. కత్తి సున్నితంగా పైకి పోతుంటే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఇంకో క్షణానికి, ఎవరూ అడక్కుండానే, గడ్డం పైకెత్తి గొంతు అందించాడు.

"ఎడమ పక్క జాగ్రత్త," అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఆ డబ్బావాడు పోయినసారి అక్కడే గాటు పెట్టాడు."