టెలిగ్రాం మాటలు

రత్నరాజు మేస్టారికి మర్యాద కాస్త ఎక్కువ. అనకాపల్లి మెయిన్ రోడ్డులో ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, నేర్చుకునేవాళ్లు కరువయ్యాక, రెండువేల ఆరులో అదే గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ అన్నారు. చేతి అలవాటు మాత్రం పోలేదు. సెర్చ్ బాక్సులో కూడా కలెక్టరుగారికి అర్జీ పెట్టుకున్నట్టు ‘గౌరవనీయులైన అయ్యా’ అని ఇంగ్లీషులో మొదలుపెట్టేవారు. నవ్వేవాళ్లని నవ్వనిచ్చేవారు.

అసలు సంగతి వేరే ఉంది. ఒకప్పుడు ఇంగ్లీషు రానివాళ్లకి టెలిగ్రాంలు రాసిపెట్టింది ఆయనే. మాటకింత అని ఛార్జీ కాబట్టి నాలుగైదు మాటల్లో తేల్చేయాలి. ‘తండ్రి పోయాడు, వెంటనే రా.’ అలాంటివి వందలు రాసి రాసి, పొట్టి మాటంటేనే ఆయనకి గుండె దడ.

మే నెలలో ఒకరోజు పదకొండున్నరకి అప్పలకొండమ్మ పరుగున వచ్చింది. ఆమె భర్త త్రినాధరావు బెల్లం లారీకి క్లీనరు.

"మేస్టారూ, ఒరిస్సాలో రాయగడ కాడ లారీ బోల్తా కొట్టిందంట. మా ఆయన్ని ఆస్పత్రికి తీసుకెల్లేరంట. ఏ ఆస్పత్రో తెల్దు. ఉన్నాడో లేడో సెప్పినోడు లేడు."

పన్నెండింటికి కరెంటు కోత. మేస్టారు గబగబా టైపు చేశారు. గౌరవనీయులైన అయ్యా, రాయగడ వద్ద గాయపడిన లారీ క్లీనరు ఆచూకీ దయచేసి తెలుపగలరు. క్లీనరు అన్న మాట పట్టుకుని తెర మీద లారీలు కడిగే మందులు వచ్చాయి. త్రినాధరావు పేరు, ఊరు, లారీ నంబరు, బోల్తా పడ్డ వైనం అన్నీ చేర్చారు. ఈసారి ఏమీ రాలేదు. ఇంకా వివరంగా అడగలేదనుకుని మళ్లీ చేర్చారు. పన్నెండుకి పది నిమిషాలుంది.

కుర్చీ పట్టుకుని నిలబడ్డ అప్పలకొండమ్మ ఇక ఉండలేకపోయింది. "ఇంత రాత్తన్నారేటి మేస్టారూ? మనకి కావాల్సింది ఆస్పత్రి ఫోన్ నంబరే గదా."

ఆయన చెయ్యి ఆగిపోయింది. నిజమే, ఇది అర్జీ కాదు. రాసిందంతా చెరిపేశారు. ఖాళీ అయిన సెర్చ్ బాక్సు చూస్తే పాత టెలిగ్రాం ఫారమే గుర్తొచ్చింది. అయినా కొట్టారు. రాయగడ. ఆస్పత్రి. ఫోన్.

నంబర్ల పట్టీ వచ్చింది. మూడు ఆస్పత్రులు. మూడో నంబరు కాగితం మీద ఎక్కించేలోపే కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన గదిలో మేస్టారు ఎస్‌టీడీ ఫోన్ అందుకున్నారు. మొదటి చోట ఎవరూ ఎత్తలేదు. రెండో చోట ఎత్తిన నర్సుకి అదృష్టం కొద్దీ తెలుగు వచ్చు. పేరు విని, చూసొస్తానని రిసీవర్ బల్ల మీద పెట్టి వెళ్లింది.

అప్పలకొండమ్మ కళ్లు ఆయన మొహం మీదే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ పొట్టి మాటలు ఏ పోస్ట్‌మ్యానో మోసుకెళ్లి ఇచ్చేవాడు. ఇప్పుడు తన నోటితోనే చెప్పాలి. మేస్టారికి నిజంగా భయమేసింది. ప్రభువా అనుకున్నారు, ఆ పైన ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

అవతల చెప్పుల చప్పుడు. నర్సు చెప్పింది. ఆయన విన్నది విన్నట్టు పైకి అన్నారు.

"ఉన్నాడు. కాలు విరిగింది. మాట్లాడుతున్నాడు."

అప్పలకొండమ్మ నేల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్టారు అలవాటు కొద్దీ వేళ్ల మీద లెక్కపెట్టారు. నాలుగే మాటలు. అన్నేళ్లలో ‘ఉన్నాడు’ అన్న టెలిగ్రాం ఆయన ఒక్కటీ రాయలేదు.