ఎడపల్లి అవ్వ ముఖం

ఈ మాట నా భార్యకు కూడా తెలియదు. ఇన్నేళ్లూ దీన్ని కడుపులో పెట్టుకునే తిన్నాను, పడుకున్నాను, నలుగురిలో కూర్చుని నవ్వాను కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు చెప్పే దమ్ము నాకు లేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది.

ఒక కొడుకుకి వాళ్ల అమ్మ ఆఖరి చూపు దక్కకుండా చేసింది నేనే. చేసి, ఆ కొడుకు చేతనే దండం పెట్టించుకున్నాను.

మాది బోధన్ వైపు, చెరకు లారీలు తిరిగే దారిలో ఒక చిన్న టౌను. పేరు వద్దు. అక్కడ మునిసిపాలిటీ వాళ్ల చల్లనీళ్ల ప్లాంటు ఉంది. పాత చక్కెర గోదాములో పెద్ద మిషన్లు పెట్టి నీళ్లను చల్లబరుస్తారు. ఆ నీళ్లు రోడ్డు కింద పైపుల్లో పోయి కూరగాయల మార్కెట్ గదినీ, ఫంక్షన్ హాలునూ, శ్మశానం పక్కనున్న గదినీ చల్లగా ఉంచి మళ్లీ వెనక్కి వస్తాయి. ఏ పైపుకు ఎన్ని నీళ్లు పోవాలో చూసేది నేను. వాల్వులు తిప్పడమే నా నౌకరీ.

శ్మశానం పక్క గది దేనికంటే, మా దగ్గర చాలా ఇళ్లలో ఒక మనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇక్కడ పెద్దవాళ్లు పోతే అక్కడ సేటు సెలవివ్వాలి, టికెట్ దొరకాలి, హైదరాబాదులో దిగి బండెక్కాలి. అందాకా శవాన్ని ఉంచాలి. మేము శవం అనం, మనిషి అనే అంటాం. గదిలో మనిషి ఉన్నంతసేపు ఆ వాల్వు ముట్టుకోవద్దు. మాకున్న గట్టి నియమం అదొక్కటే. కొత్తగా చేరినవాళ్లకు దాన్ని చెప్పేది కూడా నేనే.

ఆ మే నెలలో మా అక్క కూతురి పెళ్లి. నేను మేనమామను. హాలు మాట్లాడింది నేనే. మగపెళ్లివాళ్లది జిల్లా టౌనులో కంఠేశ్వర్. ఎండాకాలం పెళ్లా అని మూతి ముడుచుకున్నారు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. హాల్లో చలి పెడుతుంది, శాలువాలు తెచ్చుకోండి అని పదిమందిలో గొప్పలు పోయాను.

పెళ్లికొడుకు తండ్రి నిజంగానే శాలువా తెచ్చాడు. పిలిచినవాళ్లకు రెండింతలు వచ్చారు, హాలు ఉడికిపోతోంది. ఆయన ముందు వరుసలో కూర్చుని, ఆ శాలువాతో మెడ మీద చెమట తుడుచుకుంటూ నన్ను చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

బండి తీసి ప్లాంటుకు పోయాను. ఆ పూట వాల్వుల దగ్గర ఎవరూ లేరు. ముందురోజు సాయంత్రం నుంచి గదిలో మనిషి ఉంది. ఎడపల్లి ఆమె, బీడీలు చుట్టేది, ఆస్పత్రిలో పోయింది. కొడుకు గంగాధర్ గల్ఫ్ నుంచి మర్నాడు పొద్దున దిగుతాడు. నాకు ఇవేవీ తెలియవని ఇప్పుడు రాయొచ్చు, అడిగేవాళ్లెవరూ లేరు. కానీ తెలుసు. అన్నీ తెలిసే ఆ గది వాల్వు కట్టేసి నీళ్లన్నీ హాలుకు తిప్పాను. గోడలు మందం, ఒక అరగంటకు ఏమవుతుందిలే అనుకున్నాను.

హాలు చల్లబడింది. పెళ్లికొడుకు తండ్రి శాలువా కప్పుకుని వణికినట్లు నటించాడు. ఈసారి నవ్వు నాది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి నేనే మోసుకొచ్చాను. తర్వాత దావత్.

మరిచిపోయానని చెప్పుకుంటూ వచ్చాను, నాకు నేనే. నిజంగా మరిచిపోయానా? లేదు. ఒకసారి గుర్తొచ్చింది. బగార అన్నం వడ్డిస్తుండగా, గరిటె చేతిలో ఉండగా గుర్తొచ్చింది. ఈ పంక్తి లేచాక పోదాం అనుకున్నాను. ఆ పంక్తి లేచింది, ఇంకో పంక్తి కూర్చుంది, ఎవరో మెచ్చుకుంటూ భుజం తట్టారు, నేను ఉండిపోయాను. ఇంతకాలం నాతో నేను కూడా సరిగ్గా చెప్పుకోని ముక్క ఇదే.

పోయేసరికి పొద్దు వాలుతోంది. ముందు ప్లాంటుకు పోయి వాల్వు తిప్పి, తర్వాత గది దగ్గరికి పరుగెత్తాను. బయట జనం ముక్కులకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఆమె బిడ్డ లత రేకుల కింద కూర్చుని తల కొట్టుకుంటోంది. పంపు కాలిపోయిందన్నాను. మే నెలలో పంపు కాలిందంటే ఎవరు నమ్మరు? మళ్లీ ఉరికి, సోడా దుకాణం నుంచి అయిసు గడ్డలు గోనెసంచిలో చుట్టి, పొద్దున గంప మోసిన భుజం మీదనే మోసుకొచ్చాను. జాలితోనా, భయంతోనా? రెండూ ఉన్నాయి, ఏది ఎంతో నాకు తెలియదు.

అయిసు పనికిరాలేదు. పొద్దటిదాకా ఆగలేమని పెద్దలు తేల్చేశారు. ఈ స్థితిలో ఎడపల్లి తీసుకుపోయి సొంత వాకిట్లో దింపలేమన్నారు. అన్న వస్తడు, ఆగండ్రి అని లత అందరి కాళ్లూ పట్టుకుంది. పాలివాళ్ల పిల్లవాడెవరో తలకొరివి పెట్టాడు. చీకటి పడకముందే అయిపోయింది.

గంగాధర్ మర్నాడు భుజాన బ్యాగుతోనే శ్మశానానికి వచ్చాడు. అప్పటికి బూడిదే మిగిలింది. లత ఏం చెప్పిందో, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, అయిసు మోసుకొచ్చింది నువ్వేనట గదా. పెండ్లి బట్టల మీదనే ఉరికొచ్చినవట."

అవునన్నట్లు తల ఊపాను.

"శానేండ్లాయె అన్నా, అవ్వను కండ్లార సూడక. ఫోన్ల సూస్తుంటి, గంతే. నువ్వు సూసినవ్ గదా. మొఖం ఎట్లుండె?"

"పండుకున్నట్లే ఉండె తమ్మీ."

"బాధ పడ్డట్లు లేకుండెనా?"

"లేదు. నిమ్మలంగ ఉండె."

నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఆ తడి ఇప్పటికీ ఈ చేతులకు ఉన్నట్లే ఉంటుంది.

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదేమో. సెలవు మీద వచ్చినప్పుడల్లా గంగాధర్ మా ఇంటికి వస్తాడు. ఒకసారి దుప్పటి, ఒకసారి ఖర్జూరాలు, ఒకసారి అత్తరు. ఎంత మంచి పిల్లగాడో అని నా భార్య మురిసిపోతుంది. ఆ అత్తరు పండుగనాడు నా చొక్కాకు పూస్తే ఆ చొక్కా విప్పేస్తాను, ఎందుకో ఆమెకు చెప్పలేను. లేచి పోయే ముందు, ప్రతిసారీ, గడప దగ్గర ఆగి అదే అడుగుతాడు. అవ్వ ముఖం ఎట్లుండె అన్నా? లతను అడిగితే ఏడుస్తుందట. పెద్దవాళ్లు మాట మారుస్తారట. చూసినవాళ్లెవరూ నోరు విప్పలేదు. అందుకని నేను చెప్పేవాణ్ణి. ఒక్కోసారి ఒక్కో ముక్క కలిపేవాణ్ణి. నుదుటి మీద ముడతలు పోయాయని, పెదవుల మీద చిన్న నవ్వుందని. అవ్వ నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది, అదీ కనబడ్డదా అని ఒకసారి అడిగాడు. కనబడిందన్నాను.

ఎందుకు కలిపాను? అతనికి ఊరట అని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే, అతను మెత్తబడి నా చేయి పట్టుకుంటే నాకే ఊరటగా ఉండేది. దొంగ ఊరట. అయినా దానికి అలవాటు పడ్డాను.

మొన్న ఫోను చేశాడు. గల్ఫ్ మానేసి వచ్చేశాడట, ఎడపల్లిలో ఇల్లు పూర్తయిందట. ముందు గదిలో పెట్టడానికి అవ్వ బొమ్మ గీయించాడట. పాత ఫొటో ఇచ్చి, ముఖం మాత్రం నేను చెప్పినట్లు పెట్టించాడట. ఆ నవ్వు, ఆ సొట్ట. గృహప్రవేశానికి ఒక రోజు ముందే రమ్మన్నాడు. "నువ్వే సూసి చెప్పాలె అన్నా, గట్లనే ఉన్నదా లేదా అని. సూసి చెప్పేటోనివి నువ్వొక్కనివే" అన్నాడు. సరే అన్నాను.

ఇప్పుడు నిజం చెబితే అతని దగ్గరున్న ఆ ఒక్క ముఖం కూడా లాగేసుకున్నట్లవుతుంది. చెప్పకపోతే ఆ గోడ మీద నా అబద్ధానికి పూలదండ పడుతుంది. ఇదంతా అతని మంచి కోసం ఆలోచిస్తున్నానా, నా ముఖం దాచుకోవడానికా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఒక్కరికైనా చెప్పాను. గుండె కొంచెం తేలికైంది, అలా తేలికైనందుకు కూడా సిగ్గుగానే ఉంది.

ఆ సాయంత్రం నేను గది లోపలికి పోలేదు. వాసనకు తట్టుకోలేక అయిసు సంచి గడప దగ్గరే దింపి వెనక్కి తిరిగాను. వచ్చే వారం ఎడపల్లి పోతాను. ఆ అవ్వ ముఖం నేను చూడబోయేది అదే మొదటిసారి.