గబ్బిలానికి మేడిపండ్లు

ఆ జనవరిలో పోయినవి ముందు చెబుతాను. ఎడమ రెక్క పొరలో నా అరచేయంత ముక్క. ఆ పొరను గొడుగు కమ్మీల్లా పట్టి ఉంచే వేళ్లలో ఒకదాని కొన. ఒంటి బరువులో ఇంచుమించు ఐదో వంతు. మా మగ్గాల షెడ్డు వెనకున్న నీలగిరి చెట్టుకు రెండు పెద్ద కొమ్మలు. వాటిని కొట్టకుండా గబ్బిలాన్ని దించడం కుదరలేదు. నా వైపు నుంచి ఒక పూట కూలి, ఒక పాత దుప్పటి. అంతకు ముందు ఏడు పోయిన నా భార్యను ఇందులో కలపను. ఆమెది వేరే లెక్క.

గాలిపటాల పండగ సూరత్‌లో రెండు రోజులు జరుగుతుంది. మూడో రోజు పొద్దున నేను షెడ్డుకు వెళ్లేసరికి ఆ చెట్టుకు నల్ల గొడుగు ఒకటి వేలాడుతున్నట్టు కనిపించింది. కాసేపటికి గొడుగు కదిలింది. నక్క మొహం, తేనెరంగు మెడ. పండ్లు తిని బతికే పెద్ద గబ్బిలం. గాజుపొడి పూసిన మాంజా దారం రెక్కను కోసేసింది. దించి దుప్పటిలో చుడుతుంటే, మగ్గం మీద పనిచేసే మా జిల్లా అతను నవ్వాడు.

"ఏందన్నా, ఇంటికి దీస్కపోతవా ఏంది? గబ్బిలం జొచ్చిన ఇల్లు పాడువడ్తదంటరు."

"పాడువడనీకి ఇంట్ల ఏమున్నది?" అన్నాను.

అతను నవ్వడం ఆపి ఆటో పిలవడానికి వెళ్లాడు.

కడోదరా దారిలో దెబ్బతిన్న పక్షులనూ జంతువులనూ చూసే చిన్న ఆశ్రయం ఒకటి ఉంది. దాన్ని నడిపేది ఒక గుజరాతీ పెద్దాయన. అందరూ కాకా అని పిలుస్తారు. ఆయనకూ ఒకప్పుడు మగ్గాల షెడ్డు ఉండేది. అక్కడ మా వాళ్ల దగ్గర పట్టుకున్న తెలుగు ఆయన నోట్లో ఇంకా మిగిలి ఉంది. పశువుల డాక్టరు వచ్చి రెక్క కడిగి కట్టు కట్టాడు. పొర మళ్లీ పెరుగుతుందన్నాడు. ఎగరగలిగితేనే బయటికి వదలాలని, లేకపోతే అది బతికినంత కాలం బోనులోనే ఉండాలని చెప్పి వెళ్లాడు.

నేను ఉండేది వడోద్‌లో, ఒక గదిలో. బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. మిగతా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. షెడ్డులో నా పని అదే. మగ్గాల మీదికి ఎంత తూకం నూలు ఎక్కింది, ఎంత గుడ్డ దిగింది, మధ్యలో ఎంత తుక్కు పోయింది చూడాలి. సాయంత్రం ఆ పని అయ్యాక నాతో మాట్లాడే మనిషి ఉండడు. బియ్యం కొలిచే గ్లాసు పాతదే. ఇద్దరం ఉన్నప్పుడు నిండా పోసేవాళ్లం, ఇప్పుడు సగంలో ఆపాలి. చేయి ఆగేది కాదు. మర్నాడు పొద్దున చద్దన్నం తినేవాణ్ణి. ఆ గదికి పోయే బదులు కడోదరా బస్సెక్కడం మొదలుపెట్టాను. కాకా నాకు చేతి తొడుగులు, మూతికి మాస్కు ఇచ్చి, గబ్బిలాన్ని గుడ్డలో చుట్టి తూచే పని అప్పగించాడు.

సూరత్‌లో మూగజీవాల మీద దయ అంటే తీపి పెట్టడమే. మంచి తిథి వస్తే కార్లలో వస్తారు. ఆవులకు బెల్లం, కుక్కలకు నెయ్యి కారే రవ్వ శీరా పెట్టి, దండం పెట్టుకుని వెళతారు. గబ్బిలానికీ అందులో వాటా దక్కింది. అరటిపండు పిసికి, చక్కెర కలిపి, పైన గ్లూకోజు నీళ్లు. తలకిందులుగా వేలాడుతూనే అది గిన్నె అడుగు దాకా నాకేది. బరువు పెరిగింది. కాకాకు సంతోషం, నాకూ సంతోషం. ఇద్దరం మగ్గాల దగ్గర పెరిగినవాళ్లం. తూకం సరిపోతే సరుకు సరిపోయినట్టే మాకు.

ఫిబ్రవరి చివరికి రెక్క పొర మూసుకుంది. కొత్త పొర పాలిపోయినట్టు తెల్లగా ఉంది. బరువు ఎనిమిది వందల గ్రాములకు వచ్చింది. ముంజేతి ఎముక పొడవును బట్టి దానికి ఉండాల్సిన బరువు అదేనని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. వల కట్టిన పొడుగాటి బోనులో వదిలాం. మూడు సార్లు రెక్కలు కొట్టి వలలో పడింది. నోరు తెరుచుకుని రొప్పింది. మర్నాడూ అంతే.

"తూకం పూరా. మాల్ పూరా. మరి ఎందుకు లేవదు?" అన్నాడు కాకా.

ఆ వారమే డాక్టరు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. గబ్బిలాలు తినే తిండికీ, వాటి ఒళ్లు లోపల్లోపల పాడవడానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తోంది. దాని రెక్క నరం నుంచి ఒక చుక్క నెత్తురు తీసుకుని, తిండి గిన్నెలోకి వంగి వాసన చూసింది.

"అంకుల్, ఇది గబ్బిలమా, పెండ్లికొడుకా? గింత చక్కెర ఎవరు పెట్టిండ్రు?"

"అందరం," అన్నాను.

ఆమె నేల మీదే కూర్చుని చెప్పింది. "ఎగరాలంటే ఒంట్ల పెద్ద పొయ్యి మండాలె. గాలిలకెల్లి ప్రాణవాయువు బాగా గుంజుకుంటది. పొయ్యి మండితే రవ్వలు లేస్తయి గద? ఆ రవ్వలు లోపల కొవ్వుని, కండని కొరుకుతయి."

"ఇనుముకు తుప్పు పట్టినట్టా?"

"జర గట్లనే. కాని ఒళ్లు ఊకుండదు, ఆర్పుతనే ఉంటది. ఆర్పేదాంట్ల కొంత ఒళ్లే తయారు చేసుకుంటది. కొంత తిండిలకెల్లే రావాలె. విటమిన్ సి మనం చేసుకోలేం, ఇది గూడ చేసుకోలేదు. జామకాయలకెల్లి, మేడిపండ్లలకెల్లి, ఆకులలకెల్లి రావాలె. మీరు పొయ్యిల కట్టెలు పెడుతున్నరు. బక్కెట్ల నీళ్లు లేవు."

"మరి బరువు పెరిగింది కదా బిడ్డా."

"బరువు కట్టెల లెక్క అంకుల్. నీళ్ల లెక్క దాంట్ల రాదు."

నాకు నూనె వేయని మగ్గం గుర్తొచ్చింది. అది ఆగదు, గుడ్డ కూడా దిగుతుంది, తూకం కూడా సరిపోతుంది. ఒకరోజు ఇరుసు పట్టేస్తుంది. వారం తర్వాత ఆమె ఫోన్ చేసి, ఆ చుక్కలో రవ్వలు కొరికిన గుర్తులు ఎక్కువ, ఆర్పే సరుకు తక్కువ కనబడ్డాయని చెప్పింది. బయట చెట్ల మీద బతికేవాటి నెత్తురుతో పోల్చి చూసిందట. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని అడిగాను. ఒక్క గబ్బిలాన్ని చూసి లెక్క కట్టకూడదంది. పురుగులు తినే గబ్బిలాలది మళ్లీ వేరే కథ అంది.

తీపి మాన్పించాం. జామ, బొప్పాయి నేనే కొనేవాణ్ణి. ఆదివారాలు కామ్‌రేజ్ వైపు వెళ్లి, కాలువ గట్టున మేడిచెట్ల కింద పండ్లు ఏరేవాణ్ణి. గబ్బిలం పండును మొత్తం మింగదు. నమిలి, రసం పీల్చి, పిప్పిని ముద్దలా ఉమ్మేస్తుంది. పెట్టినదాని తూకంలోంచి పిప్పి తూకం తీసేస్తే లోపలికి పోయింది తేలుతుంది. చాలా కాలం తర్వాత నేను ఇష్టంగా చేసిన తీసివేత అది.

బరువు తగ్గడం మొదలైంది. శీరా తెచ్చిన ఒకావిడ గిన్నె వెనక్కి పట్టుకుపోతూ, మూగదాన్ని మాడుస్తున్నారని గేటు దాకా అనుకుంటూ వెళ్లింది. కాకా కూడా తూనిక దగ్గర నిలబడి మొహం చిట్లించేవాడు.

"భాయ్, పెట్టేది నువ్వు, తగ్గేది అది. ఏం హిసాబ్ ఇది?"

"జర ఆగు కాకా."

"నా షెడ్డులో తూకం తక్కువ మాల్ గేటు దాటలేదు ఎప్పుడూ. ఇక్కడ భీ దాటదు."

ఆయన పట్టుదల నాకు ఒక రకంగా సాయంగానే ఉండేది. తూకం తక్కువని ఆపేస్తే అది బోనులోనే ఉండిపోతుంది. ఉండిపోతే ప్రతి సాయంత్రం నాకు వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది. బస్సు దిగి లోపలికి రాగానే చెవులు నా వైపు తిప్పే ప్రాణి ఊరంతటిలో అదొక్కటే. ఇది నాకు తెలుసు. మేడిపండ్లు ఏరుతున్నప్పుడు కూడా తెలుసు. అయినా బాగా పండినవే ఏరాను.

మార్చి మధ్యలో అది బోను ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరింది. అక్కడ కాసేపు వేలాడి, తిరిగి వచ్చింది. రొప్పలేదు. బొచ్చుకు నిగారింపు వచ్చింది. ఆ అమ్మాయి మళ్లీ ఒక చుక్క తీసుకుంది. ఈసారి మెరుగ్గా ఉందని, ఇంతకన్నా పెద్ద మాట తనతో అనిపించొద్దని నవ్వింది. తర్వాత ఆమె చదువు వేరే ఊరికి మారింది.

ఎండలు ముదిరాయి. రేకుల కింద మధ్యాహ్నం గబ్బిలం రెక్కలతో విసురుకుంటూ, ఒళ్లు నాక్కుంటూ ఉండేది. ఇంకా ఆపితే వడదెబ్బ తగులుతుందన్నాడు డాక్టరు. ఒక సాయంత్రం చివరి సారి తూచాను. ఏడు వందల అరవై. కాకా వంగి తూనిక చూశాడు, నా మొహం చూశాడు, బోను చూశాడు.

"నువ్వు చెప్పు. ఆపనా?"

ఆపమంటే ఆపేవాడే. తూకం సాకు ఎలాగూ ఉంది.

"వదులు కాకా," అన్నాను.

"సరే. చాలీస్ గ్రామ్ ఉధార్. బాకీకి పూచీ నువ్వు."

పొద్దు గూకాక వల పక్కకు లాగాం. అది వెంటనే పోలేదు. అంచున వేలాడి కాసేపు గాలి వాసన చూసింది. తర్వాత ఒక్కసారిగా చేతులు వదిలినట్టు కిందికి జారి, నేల తాకకముందే రెక్కలు విప్పి, చింతచెట్టు మీదుగా తాపీ నది వైపు పోయింది. కాకా చప్పట్లు కొట్టాడు. నేను గిన్నె కడిగి బోర్లించాను.

ఆ రోజు కొన్న జామకాయలు సంచిలోనే ఉండిపోయాయి. గదికి వచ్చి మంచం అంచున కూర్చుని ఒకటి తిన్నాను. రెండోది కోసి, తినకుండా అలాగే ఉంచాను.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు నది గట్టుకు వెళతాను. చీకటి పడే వేళకు గబ్బిలాలు వరస కట్టి నది దాటుతాయి. ఎడమ రెక్కలో తెల్ల మచ్చ ఉన్నదాన్ని పోల్చుకుందామని మెడ నొప్పి పుట్టేదాకా చూస్తాను. అంత ఎత్తులో అన్నీ నల్లగానే ఉంటాయి. ఏది ఎంత తూగుతుందో చెప్పే తూనిక లేదు. అప్పుడప్పుడు ఆశ్రయానికి పాత గుడ్డలు ఇచ్చి రావడానికి వెళితే, కాకా గేటు దగ్గరే చేయి చాపుతాడు.

"తెచ్చినవా?"

"ఇంకా లేదు కాకా."

"ఎంత?"

"నలభై గ్రాములు."