వెయిటింగ్ హాల్ అనుకున్న గది

ఈ అరబ్బు దేశాన్ని ఏలి కన్నుమూసిన ఒక పెద్దాయన కాగితాలు, ఉత్తరాలు, చదివిన పుస్తకాలు దాచడానికి ప్రభుత్వ సొమ్ముతో లైబ్రరీ కట్టాలనుకున్నారు. ప్లాన్లు గీసే పని ఇక్కడి మిర్కాబ్‌లోని మా చిన్న ఆఫీసుకు వచ్చింది. నమూనా తెచ్చి బల్ల మీద పెట్టిన రోజు నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఒక్క మనిషి కాగితాల కోసం ఇంత భవనమా! మా ఇంట్లో కరెంటు బిల్లులు పెట్టుకోవడానికే సరైన చోటు లేదు.

తీరా పని సగంలో ఉండగా కబురొచ్చింది. ఖర్చు బాగా తగ్గించి చూపిస్తేనే నిధులు, లేకపోతే ఖలాస్. పని ఆగిపోతే మా జట్టుకి ఉద్యోగాలుండవు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామాలు రెన్యూ కావు. మా అమ్మాయి ఇఖామా నాదాని మీదే ఉంది. పదో తరగతి మధ్యలో పిల్లను బడి మాన్పించి విజయవాడ పోవడమంటే తలుచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

మా పెద్ద ఇంజనీరు గారిది కోనసీమ. ప్లాను ముందేసుకుని ఇద్దరం ఏం తీసేద్దామా అని వెతికాం. వీధి వైపు వేరే గుమ్మం, గోడల వెంట పరుపులు, ఓ మూల కాఫీ కాచే పొయ్యి ఉన్న పెద్ద హాలు మీద ఆయన వేలు పెట్టారు.

"ఇదెందుకమ్మా ఇంత? వచ్చినోళ్ళు కూకోడానికేగా? లాబీలో నాలుగు కుర్చీలేత్తే సరిపోద్ది."

నాకూ సబబే అనిపించింది. మన దగ్గర పెద్దవాళ్ళను చూడ్డానికి వెళ్తే బయట బెంచీ మీద పడిగాపులు పడటమే కదా. ఆ బెంచీకి ఇంత సోకెందుకు అనుకుని హాలు కొట్టేశాం. భవనం మీది గుమ్మటం, గోడల పాలరాయి మాత్రం భద్రంగా ఉంచాం.

నిధులు మంజూరు చేసే అధికారి బాగా వయసు మళ్ళినవాడు. వ్యాపారి అయిన తండ్రితో చిన్నప్పుడు కొన్నాళ్ళు బొంబాయిలో ఉన్నాడట, హిందీ చక్కగా మాట్లాడేవాడు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ఆగాడు.

"దీవానియా ఏది?" మేం కొట్టేసిన హాలుకు ప్లానులో ఉన్న పేరది.

"లాబీలో కలిపేశాం సార్. వేచి ఉండేవాళ్ళకు కుర్చీలు వేస్తున్నాం," అన్నారు మా ఇంజనీరు గారు.

"వేచి ఉండటమా? ఎవరి కోసం?"

ఆయన కేకలేసినా బాగుండేది. నెమ్మదిగా చెప్పాడు. బొంబాయి నుంచి తిరిగొచ్చాక తండ్రి వెంట ఆ పెద్దాయన దీవానియాకు వెళ్ళేవాడట. చేపలమ్మేవాడి పక్కన మంత్రి కూర్చునేవాడట. ఆ పెద్దాయన కూడా అదే పరుపు మీద కూర్చుని, వచ్చినవాళ్ళు చెప్పిందల్లా వినేవాడట.

"ఈ కాగితాల్లో ఉన్నదంతా ఆయన ఆ గదిలో విన్నదే. గది తీసేసి కాగితాలు దాస్తారా?"

అయిపోయింది, ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. అప్పుడాయన పెన్సిల్ తీసుకుని గుమ్మటం కొట్టేశాడు. పాలరాయి కూడా కొట్టేశాడు.

"ఇవి వద్దు. గది ఉంచండి. యల్లా, త్వరగా గీసి తెండి, సంతకం పెడతాను."

ప్రభుత్వ సొమ్ము చేతిలో ఉంటే రాయి మీద రాయి పేర్చే పెద్దవాళ్ళనే చూశాను. ఊరందరికీ కనబడే గుమ్మటాన్ని నలుగురు కూర్చునే గది కోసం వదులుకున్నవాణ్ణి చూడటం అదే మొదలు. ధైర్యం చేసి అడిగాను, ఆ గదిలోకి ఎవరెవరిని రానిస్తారని. నాలాంటి ఆడవాళ్ళను, బయటివాళ్ళను కూడానా?

"అప్పట్లో ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు కాదు, నిజమే. కొత్తది కడుతున్నాం కదా బేటీ," అని నవ్వాడు.

సంతకం పడింది. ఇఖామాలు రెన్యూ అయ్యాయి. మా అమ్మాయి పరీక్షలు ఇక్కడే రాసింది.

లైబ్రరీ తెరిచాక మా అమ్మాయిని తీసుకెళ్ళాను. హాల్లో తెల్ల దుస్తుల ముసలివాళ్ళు, సూటు వేసుకున్న ఒకావిడ, పని దుస్తుల్లో ఇద్దరు బెంగాలీలు కూర్చుని ఉన్నారు. ఆ గదిలో ప్రతి గీతా నేను గీసిందే. అయినా లోపలికి రావచ్చా అని ఎవరిని అడగాలా అనుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాను. మా అమ్మాయి ఎవరినీ అడగలేదు. చెప్పులు విప్పి, వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది.