రీమ్యాప్‌కు ముందు కోరుట్ల దాకా

ఆ ఉదయం మా వర్క్‌షాపు మూడో బేలో ఉన్నవి, ఉన్నవాళ్లు: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న తెల్లటి ఏడు సీట్ల డీజిల్ కారు ఒకటి, బానెట్ తెరిచి. దాని యజమాని గంగారెడ్డి, కథలాపూర్ నుంచి, తాళంచెవి చొక్కా జేబులో. ఆయన భార్య రాజమణి, కారు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో. సిరిసిల్ల నుంచి వచ్చిన రీమ్యాప్ మనిషి ఇర్ఫాన్, అతని ల్యాప్‌టాప్, దానికి తగిలించే నల్ల పెట్టె. బ్యాటరీ ఛార్జర్ ఒకటి. గోడకు ఆనించిన, ఇంకా విప్పని ఫ్లెక్సీ బోర్డు ఒకటి. ఇంజను లోపాలు చదివే స్కానర్ పట్టుకుని నేను.

రాజమణి అక్కడ ఊరికే కూర్చోలేదు. గ్యారేజీలో బండి వదిలి పోతే మంచి పార్టు ఊడదీసి పాతది బిగిస్తారని మా వైపు చాలామంది అనుమానం. అందుకని ఇంటి మనిషి ఒకరు బండి దగ్గర కాపలా ఉంటారు. నేను ఎయిర్ ఫిల్టర్ బయటికి తీస్తే ఆమె లేచి నిలబడింది. తిరిగి పెట్టాక కూర్చుంది.

కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలం అది. ఆటోమొబైల్ డిప్లొమా చదివి, జగిత్యాలలో అన్ని కంపెనీల కార్లూ చూసే ఒక వర్క్‌షాపులో డయాగ్నసిస్ టెక్నీషియన్‌గా ఉన్నాను. హెల్పర్ పైన టెక్నీషియన్, ఆ పైన డయాగ్నసిస్ టెక్నీషియన్, ఆ పైన సూపర్‌వైజర్. చేతులకు గ్రీజు అంటడం తగ్గి, తప్పు జరిగితే పేరు మీదికి రావడం పెరిగే మెట్టు నాది. రీమ్యాప్ పని కొత్తగా మొదలు పెట్టాలని మా యజమాని శ్రీనివాస్ సార్ నిర్ణయించారు. గంగారెడ్డి కారు మొదటిది. ఇంజను దానికి తగినదా కాదా చూసి సంతకం చేయడం నా పని. రీమ్యాప్ బోర్డు మాత్రం అంతకు ముందురోజే ప్రింటై వచ్చింది.

రీమ్యాప్ అంటే ఇంజనులో ఏ సామానూ మార్చరు. ఇప్పటి డీజిల్ ఇంజనుకు ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఎంత వేగంలో, పెడల్ ఎంత తొక్కితే, ఎంత డీజిల్ కొట్టాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అనే పట్టికలు దాంట్లో ఉంటాయి. ఆ పట్టికల్లో అంకెలు మార్చి తిరిగి ఎక్కించడమే రీమ్యాప్. ఎక్కించేటప్పుడు కరెంటు తగ్గితే కంప్యూటర్ పాడైపోవచ్చు. ఛార్జర్ అందుకే.

గంగారెడ్డి కువైట్‌లో పద్నాలుగేళ్లు ఒక ఇంట్లో డ్రైవరుగా చేసి, ఇక పోనని తిరిగి వచ్చిన మనిషి. వచ్చిన డబ్బుతో ఈ కారు కొని, గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయంలో దించే పని పెట్టుకున్నాడు. ఒక్కరు పోతుంటే ఇంటిల్లిపాదీ ఎక్కి సాగనంపే ప్రయాణాలవి. ఆయన ఫిర్యాదు ఒక్కటే, పికప్ లేదు. రుద్రంగి దగ్గర ఎత్తులో లోడు లారీ కూడా దాటి పోయిందట. మస్కట్ పోయే కోరుట్ల పిలగాడు వెనక నుంచి, "మామా, నా విమానం మస్కట్ దాక పోతది, నీ బండి శంషాబాద్ దాకనన్న పోతదా?" అన్నాడట. ఆ మాట ఊళ్లో పాకింది. తర్వాత రెండు కుటుంబాలు వేరే బండి మాట్లాడుకున్నాయి.

"పికప్ రాకుంటె బండి అమ్మి మల్ల వీసా తీస్త అంటున్నడు," అంది రాజమణి నాతో, ఆయన నీళ్లకు పోయినప్పుడు. "ఒద్దు తమ్మీ. గీ బండిని ఏం జేస్తరో జెయ్యిన్రి. గని సక్కగ జెయ్యిన్రి. సామాన్లు మాత్రం మార్వకున్రి."

నా పరీక్షలు మొదలుపెట్టాను. స్కానర్‌లో ఫాల్ట్ కోడ్ ఒక్కటీ లేదు. టర్బో నుంచి వచ్చే గొట్టాల్లో లీకు లేదు. డీజిల్ కొట్టే ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్ నాలుగింటిలో సమానంగా ఉంది. క్లచ్ జారడం లేదు. పాత యజమాని ముందే రీమ్యాప్ చేయించాడేమో అని అనుమానించాను. కంప్యూటర్‌లో కంపెనీ ఫైలే ఉంది. బంకులో కల్తీ అనుకుని డీజిల్ తీసి చూశాను. అదీ బాగుంది. రాజమణిని వెనక ఎక్కించుకుని నేనే బైపాస్ దాకా నడిపాను. కారు చక్కగా లాగింది.

అక్కడి నుంచి ఒకరి మీద ఒకరికి అనుమానం మొదలైంది. కారులో ఏ లోపమూ లేదని నేను చెప్తే, నేను చూడడం చేతకాక అంటున్నానని గంగారెడ్డి అనుకున్నాడు. ఇర్ఫాన్ వాదన వేరు. ఇంజను ఆరోగ్యంగా ఉంటేనే రీమ్యాప్ చేయాలి, ఆరోగ్యంగా ఉందని నువ్వే అంటున్నావు, ఇక సంతకానికి ఏం అడ్డం అన్నాడు. అది న్యాయమైన మాటే. అయితే అతని పద్ధతి నాకు నచ్చలేదు. అతను కంప్యూటర్‌లోని ఫైలు చదివి ఫోనులో హైదరాబాద్‌లో ఎవరికో పంపుతాడు. వాళ్లు మార్చి తిరిగి పంపింది ఎక్కిస్తాడు. ఏ అంకెలు మారుస్తారని అడిగాను.

"బిర్యానీ మంచిగుంటె తిను భాయ్, మసాలా లెక్క నీకెందుకు?" అన్నాడు.

తినేది నేను కాదు కదా అన్నాను.

"సమజైంది. నువ్ ఒద్దంటవ్, రేపు ఇంజెక్టర్లు కరాబైనయ్ అని బిల్లు ఏస్తవ్. మీ దుకాణం నడవాలె గద."

గంగారెడ్డి నా ముఖం వైపు చూశాడు. ఆ మాట ఆయన నమ్మాడు. నేనే అయినా నమ్మేవాణ్ని.

నాకు మింగుడుపడని విషయం ఒకటే. నేను నడిపితే లాగిన బండి ఆయన నడిపితే ఎందుకు లాగదు? కారణం దొరకకుండా సంతకం చేయనని చెప్పి, ఆయన చేతనే కోరుట్ల దాకా నడిపించి చూద్దామన్నాను. శ్రీనివాస్ సార్ గడియారం చూసుకుని సరే అన్నారు. ఇర్ఫాన్ ముందు సీట్లో కూర్చున్నాడు. స్కానర్ వైరు వెనక్కి లాక్కుని నేను మధ్య వరుసలో కూర్చున్నాను. రాజమణి బండిని వదలనని మూడో వరుస ఎక్కింది.

ఊరు దాటాక స్కానర్ తెర మీద గీతలు గమనించాను. గంటకు నలభై అయిదు కిలోమీటర్లు. ఇంజను నిమిషానికి పన్నెండు వందల చుట్లు. పెడల్ పూర్తిగా కిందికి. టర్బో గాలి దాదాపు సున్నా. ఆ ఇంజనులో పదిహేడు వందల చుట్లు దాటితే గానీ టర్బో అందుకోదు. అంటే ఆయన అయిదో గేరులోనే ఉన్నాడు. ముందు ట్రాక్టర్ నెమ్మదించింది, బండి ముప్పై అయిదుకు పడింది, మళ్లీ తొక్కాడు. గేరు అదే. ఇంజను వణికింది, కానీ ఆగలేదు. ఇప్పటి ఇంజన్లు ఆగకుండా కంప్యూటరే చూసుకుంటుంది. అదే ఆయనను ఇన్నాళ్లూ కాపాడింది, మోసమూ చేసింది.

తెర మీది నుంచి కళ్లెత్తి ఆయన ఎడమ చేతిని చూశాను. అది తొడ మీద బోర్లా పడుకుని ఉంది.

"చూసినవా తమ్మీ? తొక్కిన కొద్ది గిట్లనే మూల్గుతది," అన్నాడు.

"మూల్గదా మరి," వెనక నుంచి రాజమణి అంది. "షేకు తల్లిని కూసోవెట్టుకున్నట్టు నడుపుతవ్."

కోరుట్లలో చాయ్ తాగడానికి ఆగాం. పద్నాలుగేళ్లు డ్రైవరు ఉద్యోగం చేసిన మనిషికి, భార్య ఎదుట, నీకు గేరు మార్చడం రాదని ఎలా చెప్పాలో తోచలేదు. ఇర్ఫాన్ గ్లాసు పట్టుకుని ఆయన పక్కకు పోయి నిలబడ్డాడు. నాకు వినబడేట్టే అన్నాడు:

"అన్నా, నా ఫైల్ ఎక్కిస్తె గిదే గేర్ల, గింతే స్పీడుల, పక్కా లాగుతది. నీ నడుపుడు నువ్ నడుపు."

గిదే గేర్ల. అంటే ఇతనూ చూశాడు. చూసి, దాన్నే బేరంలో పెట్టాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. కింది చుట్లలో ఎక్కువ డీజిల్ కొట్టేలా పట్టికలు మారిస్తే ఆ గేరులోనే కొంత లాగుతుంది. కాకపోతే ఏడుగురు మనుషులు, పైన అట్టపెట్టెలు, ఆ గుంజుడంతా క్లచ్ మీద, ఫ్లైవీల్ అనే బరువైన చక్రం మీద పడుతుంది. కొన్నాళ్లకు ఒకరోజు విమానం టైముకు బండి రోడ్డు మీద ఆగుతుంది. ఆ తర్వాత ఈయన అనుకున్న వీసా ఎలాగూ తప్పదు.

తిరుగు దారిలో నేను ఆయనకు తప్పు చెప్పలేదు. పరీక్ష అన్నాను. స్కానర్‌కు రెండు వేల చుట్ల దగ్గర రీడింగు కావాలి, బండి నెమ్మదించిన ప్రతిసారీ మూడో గేరు వేయండి, నేను చెప్పాక నాలుగు వేయండి అన్నాను. ఇర్ఫాన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మొదటి ఎత్తులో మూడో గేరు పడింది. టర్బో గీత నిట్టనిలువుగా లేచింది. ముందున్న డీసీఎం వ్యాన్‌ను కారు ఒక్క ఊపులో దాటింది. రాజమణి సీటుకు అతుక్కుపోయి, "ఏం వెట్టిన్రు బండిల?" అని అడిగింది.

గంగారెడ్డి రోడ్డు పక్కన బ్రేకు వేశాడు. వెనక్కి తిరిగాడు. ముఖం ఎర్రబడింది.

"నాకు చెప్పకుంటనే చేసిన్రు గదా? నేను నీళ్లకు పోయినప్పుడు?"

"నేను కదల్లే బండి కాన్నుంచి," అంది రాజమణి. "ఎవ్వలు ముట్టలే. ఎయిర్ పిల్టర్ తీసిండు, మల్ల గదే పెట్టిండు."

కాపలా కూర్చున్న మనిషే మాకు సాక్షి అయింది. అప్పుడు గీతలు రెండూ ఆయనకు చూపించాను. పోయేటప్పటిది, వచ్చేటప్పటిది. బండి అదే, ఫైలు అదే, గేరు వేరు. ఆయన ఒక గీత మీంచి ఇంకో గీత మీదికి వేలు జరిపాడు.

"కువైట్ల అన్ని ఆటోమేటిక్ బండ్లే తమ్మీ," అన్నాడు. "గేరు ముట్టేదే లేదు. అంతకు ముందుగాల ట్రాక్టర్ నడిపిన. దున్నుడుకు ఒక గేరు ఏస్తె పొద్దుమీకె దాక గదే."

"పద్నాలుగేండ్లు డ్రైవర్ డ్రైవర్ అంటె ఏమో అనుకున్న," అంది రాజమణి.

ఆయన ఇంజను స్టార్టు చేసి, మొదటి గేరు వేశాడు.

వర్క్‌షాపుకు వచ్చాక రీమ్యాప్ అవసరం లేదని రాసి సంతకం చేశాను. శ్రీనివాస్ సార్ బోర్డు వైపు చూశారు, నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇర్ఫాన్ పెట్టె సర్దుకుంటూ, గేరు మార్చడం రాని మనుషులున్నంత కాలం తన పని నడుస్తుందని నవ్వాడు. మూడో గేరు సంగతి నేను ఎత్తకపోతే తను ఎత్తేవాడా అని అడిగాను. "నువ్ అడిగితె చెప్పెటోన్ని," అన్నాడు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

తర్వాత ఇంకో రెండేళ్లు ఆ పనిలో ఉండి మానేశాను. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సుల డిపోలో చేస్తున్నాను. ఆ కారు నేర్పింది ఇంతే: ఫైలులో తప్పు వెతికే ముందు, ఫిర్యాదు చేసిన మనిషి చేతనే బండి నడిపించి, వెనక కూర్చుని చూడాలి. మిగిలిన ఆ రెండేళ్లూ పికప్ లేదని వచ్చిన ఏ బండికీ అలా చూడకుండా సంతకం చేయలేదు.

గంగారెడ్డి గేరు మార్చిన సార్లు: పోయేటప్పుడు పదకొండు, వచ్చేటప్పుడు యాభై మూడు.