పాడేరు దారిలో వెదురు

కిరండూల్ పాసింజరు విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది. ఆరింటికల్లా స్టేషన్లో ఉంటే కిటికీ సీటు దొరుకుతుందని అందరూ చెప్తారు. నేను ఐదున్నరకే వెళ్ళాను. దొరకలేదు. నా కంటే ముందు ఐదింటికే వచ్చి సీట్ల మీద తువ్వాళ్ళు పరిచినవాళ్ళున్నారు. జనరల్ టికెట్టు రెండు పెసరట్ల ఖరీదు కూడా ఉండదు కాబట్టి ఎవరినీ ఏమీ అనకుండా నడవలో సంచి పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

ఆ సంచిలో రెండు జతల బట్టలు, మోకాళ్ళకి రాసుకునే తైలం, చేత్తో రాసిన వంద ప్రశ్నల నోటు పుస్తకం ఉన్నాయి. ఈ ప్రయాణానికి కారణం ఆ పుస్తకమే.

నేను రిటైరైన సోషల్ మాస్టారిని. చింతపల్లి ఆశ్రమ పాఠశాలలో పనిచేసినప్పుడు బొంజుబాబు నా శిష్యుడు. పౌరశాస్త్రంలో వాడికి ఎప్పుడూ పాస్ మార్కులు దాటలేదు. పెద్దయ్యాక గల్ఫ్‌లో ఒక హోటల్ వంటింట్లో పనికి కుదిరాడు. అక్కడే పనిచేస్తున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి లోర్నాని చర్చిలో పెళ్ళి చేసుకుని, తండ్రి కాఫీ తోట చూసుకోడానికి కొండకి తిరిగొచ్చేశాడు. ఆమె వచ్చి ఏడేళ్ళు దాటింది. ఐదేళ్ళ కూతురుంది. అయినా వీసా పొడిగింపు కాగితం చేతికొచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఒకసారి కాగితం ఆలస్యమైతే పిల్లని వదిలి దేశం దాటాల్సి వస్తుందేమోనని లోర్నా పెట్టె కూడా సర్దేసుకుంది. ఈ బతుకు చాలని భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూకి పాడేరు రమ్మని, ఆమె నడవడిక మంచిదని సంతకం చేసినవాళ్ళలో ఒకరిని వెంట తెమ్మని ఉత్తరం వచ్చింది. ఆ సంతకం నాది. మనిషి మంచిదని రాసివ్వడం సులువే, దానికోసం కొండెక్కాలని అప్పుడు తట్టలేదు.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారో ఎవరూ చెప్పలేకపోయారు. రాజ్యాంగం అడుగుతారని బొంజుబాబు ఎక్కడో విన్నాడు. అంతే, పది రోజులు కూర్చుని వంద ప్రశ్నలు తయారుచేశాను. పదవీ విరమణ తర్వాత నాకంత ఉత్సాహం ఎప్పుడూ కలగలేదు.

ఎనిమిదిన్నరకి శృంగవరపుకోటలో జనం దిగితే కిటికీ పక్కన చోటు దొరికింది. ఎండుచేపల బుట్టతో ఒకావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది. అరకు సంతకి వెళ్తోందట. బుట్ట వాసనకి పక్కనున్న కుటుంబం ముక్కులు మూసుకుంది. ఆ పైన సొరంగాలు మొదలయ్యాయి. రైలు చీకట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆ కుటుంబమే గొంతులు చించుకుని అరిచింది. ఎండుచేపల వాసన వీళ్ళ అరుపుల కంటే నయమనిపించింది. పుస్తకం తెరిచి ఊరికే ఆ కుటుంబ పెద్దని అడిగాను, రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారని.

"ప్రధానమంత్రి కదండీ?" అన్నాడు. ఆయన కొడుకు, ఇంజనీరట, "జనం" అన్నాడు. పల్లీలమ్మే అతను "ఎవులైతే మనకేటి" అన్నాడు. జవాబు నేను చెప్తే ముగ్గురూ నన్ను అనుమానంగా చూశారు.

చేపలావిడ మాత్రం ఊరుకోలేదు. "ఇంతకీ నీ వార్డు మెంబరెవులు మేస్టారూ?"

నేను కిటికీలోంచి లోయ చూడడం మొదలుపెట్టాను. లోయ చాలా బాగుంది.

"తెల్దేటి!" అని ఆవిడ నవ్వింది. "మా వోడి పేరైతే నాకు తెలుసు. రోజూ తిడతన్నాను కదా."

బొర్రాలో అరుపుల కుటుంబం దిగిపోయింది. రైలు ఆలస్యంగా పదకొండున్నరకి అరకు చేరింది. బయట బొంగు చికెన్ బోర్డుల మధ్య బొంజుబాబు బండి పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఉంది, పేడ వాసన కొడుతోంది.

"ఇటుకల పండగ మేస్టారు. మగోళ్ళంతా అడవికి వేటకెల్లాల. నాను మీకోసం ఆగిపోయానని మా వదినలు పేడనీళ్ళు పోసేసారు."

ఇటుకల పండగంటే ఇక్కడి గిరిజనుల చైత్రం పండగ. దాని గురించి, మీలో ఎవరైనా ఈ దారిన వెళ్తారేమో కాబట్టి, ముందే చెప్పాలి. మగవాళ్ళు వేటకని అడవికి పోతారు. ఇప్పుడది పేరుకే, ఉత్త చేతులతో తిరిగొచ్చి పేడనీళ్ళు పోయించుకుంటారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు పట్టుకుని వచ్చే పోయే బళ్ళన్నీ ఆపేస్తారు. డబ్బులివ్వాలి, లేదా దిగి వాళ్ళతో థింసా నాట్యం ఆడాలి. సొంత ఊరివాళ్ళకి మినహాయింపు. కలెక్టరైనా కండక్టరైనా మిగతావాళ్ళందరికీ ఒకటే రూలు. బొంజుబాబు వాళ్ళ ఊరి పేరు నేనిక్కడ రాయడం లేదు. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

పన్నెండున్నరకి ఊరి మలుపు చేరేసరికి వెదురు దగ్గర ఒక తెల్ల జీపు ఆగి ఉంది. పదిమంది ఆడవాళ్ళు దాన్ని చుట్టేశారు. వెదురు ఒక కొస పట్టుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, తలలో పూలు పెట్టుకుని, అందరికంటే గట్టిగా అరుస్తున్న మనిషి లోర్నా.

జీపులో కూర్చున్నాయన మర్యాదగానే అన్నాడు. "ఆఫీసు పని మీద వెళ్తున్నానమ్మా. నా దగ్గర నగదు లేదు, ఫోన్లో కొడతాను."

"ఇక్కడ సిగ్నలేటి సారూ!" అంది లోర్నా. "డబ్బునేకపోతే దిగండి. మూడు సుట్లు. బేగి ఆడితే బేగి ఎల్లిపోతారు."

ఆయన దిగాడు. పాపం, బూట్లు విప్పి మరీ దిగాడు. నడుము చుట్టూ చేతులేసుకున్న వరసలో ఆయన్ని మధ్యలో ఇరికించి, డప్పు కొట్టించి, మూడు చుట్లు తిప్పారు. రెండో చుట్టులో ఆయన కాలు తప్పితే లోర్నా మొదటినుంచి లెక్కపెట్టించింది. నా తరఫున బొంజుబాబు చిల్లర ఇచ్చేశాక నేను కూడా చప్పట్లు కొట్టానని ఒప్పుకుంటున్నాను. ఆయన చెమట తుడుచుకుంటూ జీపెక్కి పాడేరు వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కోడికూర, సామల అన్నం. మిరియాలు వాళ్ళ తోటవే, కళ్ళలో నీళ్ళు తెప్పించాయి. సాయంత్రం అరుగు మీద పాఠం మొదలుపెట్టాం. లోర్నా తెలివైనది, రాజ్యాంగ ప్రవేశిక మొత్తం నోటికొచ్చు. "సర్వసత్తాక" అనే మాట దగ్గర మాత్రం ఎక్కడానికి ముందు గేరు మార్చే జీపులా ఒక క్షణం ఆగుతుంది. ప్రాథమిక హక్కులు వరసగా చెప్పేసింది. తప్పు పోయినచోట ఐదేళ్ళ కూతురు అందిస్తోంది, వినీ వినీ దానికి కూడా వచ్చేసింది.

అత్తగారు సోములమ్మ చిక్కుళ్ళు వలుస్తూ చాలాసేపు విని అడిగింది. "ఏడేల్లు ఈ కొండ మీద నీల్లు మోసింది. ఇంకేటి పరీచ్చ మేస్టారూ దీనికి?"

"కాగితం కావాలి కదమ్మా" అన్నాను.

"కాయితం రాకపోతే ఎల్లిపోమంటారేటి?"

లోర్నా పుస్తకంలో పేజీ తిప్పింది. ఆ ప్రశ్న నా వందలో లేదు.

మర్నాడు ఉదయం ఏడున్నరకి షేర్ జీపెక్కాం. పదిమంది పట్టే దాంట్లో పద్దెనిమిదిమంది, రెండు కోళ్ళు. బొంజుబాబు వెనక వేలాడుతున్నాడు. హుకుంపేట దాటాక వేరే ఊరివాళ్ళ వెదురు తగిలింది. మిగతావాళ్ళని చిల్లరతో వదిలేసి, లోర్నాని చూసి పండగ చేసుకున్నారు. "ఇదేసం గుంట! నీకు డబలు!" అని దింపి ఆరు చుట్లు తిప్పారు. ఇస్త్రీ చీర నలిగింది. ఆమె నవ్వుతూనే ఆడింది కానీ జీపెక్కాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడేళ్ళైనా పక్క ఊరికి ఇంకా విదేశం పిల్లే.

పాడేరులో తొమ్మిదిన్నరకి దిగి ఇడ్లీ తిన్నాం. లోర్నా తినలేదు. పదకొండింటికి పిలిచారు. బొంజుబాబుని బయట ఉండమని నన్నూ ఆమెనూ లోపలికి పంపారు. తలుపు తీసి చూస్తే టేబుల్ వెనక నిన్నటి తెల్ల జీపు ఆయన.

నిన్న చప్పట్లు కొట్టిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోర్నా ఒక్కసారి నా వైపు చూసింది. ఆమె ముఖం పిండిముద్దలా తెల్లబడింది. ఏడేళ్ళ ఎదురుచూపుని మూడు చుట్ల థింసా కోసం మట్టిపాలు చేసుకున్నామనిపించింది.

ఆయన ఫైలు తిప్పాడు. పేరు, ఊరు, భర్త పేరు అడిగాడు. ఆమె నేను నేర్పిన పుస్తకాల తెలుగులో, తల వంచుకుని జవాబులిచ్చింది. ప్రవేశిక చెప్పమంటే చెప్పింది. "సర్వసత్తాక" దగ్గర ఈసారి ఆగలేదు.

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "దేశమంతా స్వేచ్ఛగా తిరిగే హక్కు పౌరులకి ఉందా?"

"ఉంది సార్. పందొమ్మిదో అధికరణం."

"మరి రోడ్డుకి అడ్డంగా వెదురు పెట్టే హక్కు మీకెవరిచ్చారు?"

నేను ఏదో చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

లోర్నా తలెత్తింది. పుస్తకాల తెలుగు ఎక్కడో జారిపోయింది. "హక్కు కాదు సారు, పండగ. నాను వచ్చిన మొదటి ఏడు ఇదేటి దోపిడీ అనుకున్నాను. బయటికి రానేదు. రెండో ఏడు మా అత్త నన్ను రోడ్డు మీదకి లాక్కొచ్చి అడిగింది, ఒసే, ఈ వెదురికి నువ్వు ఈ పక్కనుంటావా, ఆ పక్కనుంటావా అని."

"ఏ పక్కనున్నావు?"

"నిన్న సూసారు కదా సారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. మీసాల కింద ఏదో కదిలింది. "రెండో చుట్టులో నా కాలు తప్పలేదు" అన్నాడు. "పక్కావిడ తొక్కింది."

"ఆమె మా తోడికోడలు సారు. దానికి ఎప్పుడూ అదే పని."

ఆయన ఫైల్లో రాయడం మొదలుపెట్టాడు. ముప్పయ్యేళ్ళు పిల్లల పేపర్లు తలకిందులుగా చదివిన అలవాటు నాది. స్థానిక ఆచారాలతో పరిచయం అన్న చోట "ఉంది" అని రాసి, ఆగి, ముందు "బాగా" చేర్చాడు.

తర్వాత గొంతు మార్చి చెప్పాడు. "నేను రాసి పంపుతానమ్మా. నిర్ణయం ఢిల్లీది, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. ఒకటి మాత్రం ఆలోచించుకో. అది వస్తే నీ పుట్టింటి దేశం పాస్‌పోర్టు వదులుకోవాలి. మీ అమ్మని చూడ్డానికి వెళ్ళాలన్నా వీసా తీసుకోవాలి. ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టు."

లోర్నా పెన్ను తీసుకుంది. చాలాసేపు కాగితం మీద పెట్టలేదు.

"మా అమ్మకి ఇంకా సెప్పనేదు సారు" అంది మెల్లగా.

ఆయన తొందరపెట్టలేదు. పది రోజులు కూర్చుని వంద ప్రశ్నలు రాశాను. ఈ మనిషి ఏం వదులుకుంటోందో ఒక్కసారి కూడా అడగలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆమె సంతకం పెట్టింది. తెలుగులో పెట్టింది.

బయట బొంజుబాబు "ఏటయింది, ఏటయింది" అని వెంటపడ్డాడు. "జీపెక్కు, సెప్తాను" అంది. జీపులో ఆ పని నాకు వదిలేసింది. కథంతా నేను చెప్పాను. కథ మరీ బాగుండడంతో డ్రైవరు బండి నెమ్మది చేసి మరీ విన్నాడు.

ఒంటిగంటకి పొద్దుటి వెదురు మళ్ళీ తగిలింది. డ్రైవరు నాకంటే ముందు దిగి మొత్తం వాళ్ళకి చెప్పేశాడు. పొద్దున్న డబలు అడిగిన పెద్దావిడ జీపులోకి తొంగి చూసింది.

"ఆపీసరుని గంతులేయించింది ఈ గుంటేనేటి?"

లోర్నా బ్లౌజులోంచి చిల్లర తీయబోయింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి నెట్టింది.

"నీకేటే! మన పక్కదానివి. కూకో." తర్వాత నన్ను వేలుతో చూపించింది. "ఈ ముసిలి మేస్టారు ఎవులు? దింపండి."

దింపారు. తాతల కాలం నుంచీ భారతీయుణ్ణని చెప్పినా వినలేదు. ఆరు చుట్లు. జీపులోంచి లోర్నా లెక్కపెట్టింది. నాలుగో చుట్టులో నా కాలు తప్పితే మొదటినుంచి మొదలుపెట్టించింది కూడా తనే. అంతగా నవ్వడం ఆ రెండు రోజుల్లో అప్పుడే చూశాను.

మూడున్నరకి అరకులో తిరుగు రైలు. ఈసారి కిటికీ సీటు దొరికింది. మీరు చైత్రంలో ఈ దారిన వస్తే చిల్లర బాగా తెచ్చుకోండి, లేదా మోకాళ్ళు మంచివి తెచ్చుకోండి. ప్రశ్నల పుస్తకం అక్కర్లేదు. నాది లోర్నా కూతురికి ఇచ్చేశాను, వెనక పేజీల్లో బొమ్మలు వేసుకుంటుంది. తైలం రాసుకుంటూ, ఇంటికెళ్ళగానే మా వార్డు మెంబరు పేరు కనుక్కోవాలని నిశ్చయించుకున్నాను.

బొర్రా దాటాక రెండు సొరంగాల మధ్య ఫోనుకి ప్రాణం వచ్చింది. సిగ్నలు కోసం గుట్టెక్కిన లోర్నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"అమ్మకి సెప్పాను మేస్టారు. శానా ఏడ్సింది. తర్వాత, వచ్చే సైత్రానికి నానే వస్తానంది. వీసా తీసుకుని."

రైలు చీకట్లోకి వెళ్ళింది, మాట తెగిపోయింది. ఆ తల్లి సముద్రం దాటి, ఈ సొరంగాలన్నీ దాటి, కొండెక్కి ఊరి మలుపు దాకా వస్తుంది. అక్కడ రోడ్డుకి అడ్డంగా వెదురు ఉంటుంది. ఆవిడని ఆపి, దింపి, మూడు చుట్లు ఆడించి మరీ లోపలికి రానిచ్చేది ఎవరో నాకు తెలుసు.