పెద్దసారు పేరు పైన

మొన్న మా కోడలు, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, ప్రమోషన్ కోసం తన పరిశోధన పేపర్లకు తానే మార్కులు వేసుకుంటూ, ఏ పత్రిక ఏ తరగతిదో, తన పేరు ఎన్నోదో చూసి నిట్టూరిస్తే, ఎనభైల చివర మస్కట్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో టైపిస్టుగా గడిపిన రోజులు నాకు గుర్తొచ్చాయి.

ఆ ఊళ్లోనే రూవి అనే పేటలో ఒకే గదిలో ఆరుగురం. పాస్‌పోర్టు కాలేజీ ఆఫీసువాళ్ల దగ్గర, ఒప్పందం రెండేళ్లు, మధ్యలో ఇంటికి రావాలంటే ప్రయోగశాల నడిపే పెద్దసారు సంతకం కావాలి. అయినా నాకంటే గట్టిగా ఇరుక్కున్న మనిషి ఒకాయన ఉండేవారు. మా ప్రయోగశాలలోనే ఉప్పు నేలల మీద పరిశోధన చేసే చైనా ఆయన. వాళ్ల విశ్వవిద్యాలయంలో పత్రికలకు తరగతులు కట్టి జాబితా వేశారట. పై తరగతి దాంట్లో, అదీ మొదటి పేరుతో, ఒక్క వ్యాసం పడితే ప్రొఫెసరు పదవి, ఇల్లు, వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న భార్యకు తన ఊరికి బదిలీ. రెండో పేరైతే అసలు రాయనట్టే లెక్క. టీ తాగుతూ ఇదంతా ఎన్నిసార్లు చెప్పారో, నాకు సగమే చెవికెక్కింది.

మూడేళ్ల కష్టం చివరికి వ్యాసమైంది. నాకిచ్చిన చేతిరాత ప్రతిలో ఆయన పేరు పైన, పెద్దసారు పేరు కింద ఉన్నాయి. శుభలేఖలో కూడా పెద్దల పేర్లు పైన వేయించే ఇంట్లో పుట్టినవాణ్ని. పాపం, ఈయనకు మర్యాద తెలియదు, మాట పడతాడనుకుని టైపులో నేనే మార్చేశాను. ఆయన దూరంగా దక్షిణాన సలాలా వైపు మట్టి నమూనాలకు వెళ్లి ఉండగా, పెద్దసారు చూసుకుని, పేర్లు అలాగే ఉంచి పత్రికకు పోస్టు చేయించారు.

అచ్చయిన పత్రిక వచ్చినరోజు చైనా ఆయన ఆ పేజీ తెరిచి తన పేరు రెండోదిగా ఉండటం చూశారు. మొదటి చోటు పెద్దసారే లాక్కున్నారనుకున్నారు. టీ దగ్గర ఆయన చెప్పిన మొదటి పేరు సంగతి నాకప్పుడు పూర్తిగా బుర్రకెక్కింది. నిజం చెప్పేస్తానని రూమ్‌లోని కడప తమ్ముడితో అంటే, "గమ్మునుండు అన్నా. నువ్వు నోరు తెరిస్తే ఆయప్పకు ఇల్లొచ్చేది ల్యా, నీ ఉద్యోగం మాత్రం ఖలాస్" అన్నాడు. నాకు భయమేసింది. ఊరుకున్నాను.

ఇంకో వ్యాసం కోసం ఆయన మరో రెండేళ్ల ఒప్పందానికి సంతకం పెట్టారు. అది పూర్తికాకముందే నా ఒప్పందం ముగిసింది. బయల్దేరేరోజు ఆయనే టాక్సీదాకా నా పెట్టె మోసుకొచ్చి, ఇంత శుభ్రంగా టైపు చేసేవాడు ఇక దొరకడని నా చేయి పట్టుకున్నారు.

ఇప్పుడైతే ఒక్క మీట నొక్కితే పేర్లు పైకీ కిందికీ మారతాయి, ఏ దేశానికైనా కబురు క్షణంలో వెళ్తుంది. ఆయన చిరునామా మాత్రం నా దగ్గర లేదు. తీసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు నిజం రాయాల్సి వస్తుందని ఆనాడు అడగలేదు.